పళ్లెంలో చెయ్యి కడిగితే

నా ఎదుట ఎవరైనా తిన్న పళ్లెంలో చెయ్యి కడిగితే నేను అక్కడ కూర్చోలేను. మా అల్లుడు కొత్తల్లో ఒకసారి అట్లాగే కడిగాడు. పాపం, అతనికేం తెలుసు? నేను వడ్డన మధ్యలో గరిటె పడేసి పెరట్లోకి వెళ్లిపోయాను. "మీ అవ్వకు తిక్క" అన్నాడట మా పిల్లతో. తిక్కే, కాదని ఎవరన్నారు? అది ఎక్కడ పట్టుకుందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అవ్వకు, అంటే మా అమ్మకు, వేరే పళ్లెం ఉండేది కాదు. ఇంట్లో పళ్లేలు లేక కాదు. బాపు తిని లేచిన పళ్లెంలోనే అవ్వ తినేది. లగ్గమైన నాటి నుంచీ అంతే. బాపు కూడా ఊడ్చుకు తినేవాడు కాదు. చివర రెండు ముద్దలు, ఇంత తొక్కు, ఎప్పుడైనా యాటకూర వండితే ఒక మంచి ముక్క పళ్లెం అంచున విడిచి లేచేవాడు. అవ్వ ఆ ముక్కను నాకు చూపించి, "సూసినవా, మీ బాపు నాకు ఇడిసిండు" అని మురిసేది. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు తియ్యగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ విడిచిన ముక్కే వాళ్ల ముచ్చట. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే ముక్కు చిట్లిస్తారు. ఎంగిలి తినడమేమిటి, ఆడదాని బతుకు అంత అగ్గువా అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు, నాకూ కోపమే వస్తుంది. కానీ మా అవ్వకు మాత్రం ఆ పళ్లెం తన చోటు. దాన్ని ఎవరైనా లాక్కుంటే ఊరుకునే మనిషి కాదు.

మాది మానేరు పక్కన నేతగాళ్ల ఊరు. నైజాం పాలన పోయి పదేండ్లు దాటింది. చేతిమగ్గాలు ఒకటొకటే మూలపడి, కరెంటు మీద నడిచే సాంచాలు వస్తున్న కాలం. బాపు ఒక సేటు కార్ఖానలో రెండు సాంచాలు నడిపేవాడు. పొద్దంతా ఆ చప్పుడులో నిలబడి, తలమీదా కనుబొమ్మల మీదా దూది నుసి పట్టించుకుని, ఇంటికి వచ్చేసరికి ముసలివాడిలా కనిపించేవాడు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ, తర్వాత పుట్టిన ఒక్కడూ దక్కలేదు. మిగిలింది నేను. అందుకే కాబోలు, ఆడపిల్లనైనా బడికి పంపారు. ఆరో తరగతికి వచ్చేసరికి మా ఇంట్లో కాగితం చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆ వానాకాలం బాపుకు దగ్గు పట్టుకుంది. అవ్వ శొంఠి కషాయం పోసింది, మిరియాల పాలు పట్టించింది. తగ్గలేదు. పొద్దు వాలితే ఒళ్లు వెచ్చబడేది. ఒకనాడు బాపు, "సొసైటీల సంతకం పెట్టేది ఉన్నది. పొల్లను తోలుకపోత, కాయిదం సదివి పెడ్తది" అని అవ్వకు చెప్పి నన్ను కరీంనగర్ బస్సు ఎక్కించాడు. సొసైటీ లేదు, సంతకం లేదు. నేరుగా దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ముందు బాపును కాదు, నన్ను చూశాడు. తర్వాత బాపు వైపు తిరిగాడు.

"క్షయ. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. బలమైన తిండి తినాలి. నీ పళ్లెం, నీ గ్లాసు వేరే పెట్టుకో. నీ ఎంగిలి ఎవరూ తినకూడదు" అన్నాడు.

బాపు అంతా విని, చివరి మాట దగ్గర ఆగిపోయాడు. "ఎంగిలి తింటె ఏమైతది సారూ?"

"ఏమవుతుందేమిటి? వాళ్లకీ వస్తుంది."

"ఇప్పటిదాక తిన్నదైతె?"

డాక్టరు కలం ఆపి తలెత్తాడు. "తిన్నదేదో తిన్నది. ఇక తినకుండా చూసుకో" అన్నాడు.

బయటికి వచ్చాక బాపు చాలాసేపు చెట్టుకింద కూర్చున్నాడు. తర్వాత, "ఆకలైతుందా బిడ్డా?" అని అడిగి, బస్టాండు దగ్గరి ఉడిపి హోటల్‌కు తీసుకుపోయాడు. నేను హోటల్లో అడుగుపెట్టడం అదే మొదలు. గల్లా దగ్గర నుదుట గంధం పెట్టుకున్న పెద్దమనిషి, ఆయన వెనక దేవుడి పటాలకు ఊదుబత్తీలు, చలువరాయి బల్లలు, గోడకు నిలువుటద్దం. సాంబారు, కాఫీ కలిసి కొత్త వాసన. మాకు చాయ్ తెలుసు గానీ కాఫీ ఎక్కడిది? నాకు చదువొచ్చిన గీర ఎక్కువ కదా, గోడల మీద రాతలన్నీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "చేతులు కడుగు చోటు." "ఫ్యామిలీ రూము." "ఇచ్చట ఉమ్మివేయరాదు." మూడోది వినగానే బాపు దస్తీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేను ఏమీ చదవలేదు.

భోజనం వచ్చింది. మా ఇంట్లో రోజూ జొన్న గట్క, మక్క గట్క. తెల్లన్నం పండుగకో, చుట్టం వస్తేనో. ఇక్కడ అడిగినంత అన్నం పెడుతున్నారు. సాంబారు కొంచెం తియ్యగా ఉంది. పప్పు, కూర, చారు, సల్ల, మీద ఒక అప్పడం. నేను ఆవురావురుమని తింటున్నాను, బాపు మాత్రం అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"సూసినవా బిడ్డా, ఈడ ఎవ్వలి పళ్లెం వాళ్లకే. ఎవ్వలి ఎంగిలి ఎవ్వలు ముట్టరు. మంచి కాయిదా" అన్నాడు. అటూ ఇటూ చూసి, "అవ్వకు జెప్పకు" అన్నాడు.

"ఎందుకు?"

"దాని నోట్లె నువ్వుగింజ నానదు. పొద్దుగూకేవరకు సేటు చెవుల పడ్తది. తెల్లారితె నా సాంచాల కాడ ఇంకోడు నిలవడ్తడు." ఒక ముద్ద తిన్నాడు. అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. "అది గూడ గాదు బిడ్డా. దానికి తెలిస్తె ఇంకా తింటది. పంతానికి తింటది. నువ్వు పోయే తొవ్వే నేను పోత అంటది. దాని సంగతి నాకెరుక."

నా చెయ్యి పట్టుకుని తన తలమీద పెట్టుకున్నాడు. "నా మీద ఒట్టు. చెప్తె నన్ను సంపినట్టే."

ఒట్టు వేయించుకునేటప్పుడు పెద్దవాళ్లు ఊరికే అనే మాట అది. పన్నెండేండ్ల పిల్లకు అది ఊరికే అనే మాట కాదు. నేను నోరు తెరిస్తే బాపు చచ్చిపోతాడు, మూసుకుంటే బతుకుతాడు. నాకు అర్థమైంది అంతే. ఆ రోజు నుంచి బాపు ప్రాణం నా పెదవుల వెనక ఉందని నమ్మాను.

ఆ సాయంత్రం ఇంట్లో అవ్వ గట్క, పచ్చిపులుసు పెట్టింది. బాపు మెతుకు మిగల్చకుండా తిని, చెంబెత్తి పళ్లెంలో నీళ్లు పోసి అందులోనే చెయ్యి కడిగాడు. పక్కన కూర్చున్న అవ్వ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. మా ఇంట్లో పళ్లెంలో చెయ్యి కడిగారంటే, ఇక ఆ పళ్లెంలో ఎవరూ తినడానికి లేదని.

"ఏందయ్యా, మర్సిపోయినవా?"

"ఆఁ, మర్సిపోయిన."

రెండో రోజూ మర్చిపోయాడు, మూడో రోజూ మర్చిపోయాడు. నాలుగో రోజు అవ్వ అడగలేదు. చిన్న గిన్నెలో ఇంత గట్క వేసుకుని, పొయ్యి వైపు తిరిగి కూర్చుని తిన్నది. తిన్నది అనడమే గానీ, సగం గిన్నె కోళ్లకే పోయింది.

మా వాడకట్టు అమ్మలక్కల సంగతి చెప్పక్కర్లేదు. నిప్పు లేకుండానే పొగ లేపుతారు. "పళ్లెంల చెయ్యి కడిగిండంటె మనసు ఇంకో దిక్కు పోయినట్టే అక్కా" అని ఒకామె నా ముందే అంది. అవ్వ ఆమెను కడిగేసి పంపించింది గానీ, ఆ మాట మాత్రం లోపల ఉండిపోయింది. నెలకోసారి కరీంనగర్ పోవడం, పైగా తోడుకు పిల్లను తీసుకుపోవడం. ఒకరోజు నా గదవ పట్టుకుని మొహం పైకెత్తి అడిగింది.

"మీ బాపు ఆడ ఎవ్వలింటికి పోతుండే?"

"ఎవ్వలింటికి పోతలేడు."

"మరి ఏడ తింటున్నరు?"

"హోటల్ల."

"ఆడ వండిపెట్టేది ఎవ్వతి?"

"మొగోళ్లే వండుతరే అవ్వా."

నవ్వొచ్చే మాటే. అవ్వ నవ్వలేదు. నా గదవ వదలకుండా కండ్లలోకి చూసింది. నేను కండ్లు గట్టిగా మూసుకున్నాను, నోరు మూసుకున్నట్టే.

బాపు అంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒక పొద్దున ఉన్నట్టుండి, "నువ్వు గూడ రా కరీంనగర్. నీకు హోటల్ల అన్నం తినిపిస్త" అన్నాడు. అవ్వ మొహం చూడాలి! పెట్టెలోంచి చిలకపచ్చ చీర తీసింది. కొప్పులో బంతిపువ్వు పెట్టుకుంది. బస్సులో పక్కనున్న ఆమెకు, ముందున్న ఆమెకు, "హోటల్ల అన్నం తిన పోతున్నం, మా ఇంటాయన తీస్కపోతుండు" అని చెప్పుకుంది. బాపు మాత్రం దారి పొడుగునా ఒకటే పాట. "కరీంనగర్ల పెద్దపెద్దోళ్ల పెండ్లాలు గూడ వేరే పళ్లెంలనే తింటరు. అదే మర్యాద. మనం గూడ ఇగ గట్లనే తిందాం." ఆయన ఎత్తు నాకు అర్థమైంది. ఇంట్లో చెప్పి చేయించలేనిది హోటల్లో అలవాటు చేయాలని. నాకు దుఃఖం వచ్చింది. పెండ్లాం ప్రాణం కాపాడుకోవడానికి ఆ మనిషికి దొరికిన దారి అదొక్కటే మరి.

ఫ్యామిలీ రూములో పరదా వెనక కూర్చున్నాం. అవ్వ కుర్చీ అంచున, పడిపోతానేమో అన్నట్టు కూర్చుంది. మూడు పళ్లేలు వచ్చాయి.

"మూడెందుకయ్యా? రెండు సాలవా?"

"ఈడ గదే కాయిదా. తిను."

"నువ్వు తిను ముందుగాల."

"అందరు ఒక్కపారే తినాల్నే."

"అయ్యో, నాకేం తొందర? నువ్వు తిను."

వడ్డించే ఆయన వచ్చి, "తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాడు. అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని అటు తిరిగింది. బాపు బతిమాలాడు, కసిరాడు, చివరికి తలొంచుకుని తినడం మొదలుపెట్టాడు. నేనూ తిన్నాను. అవ్వ ముందున్న పళ్లెంలో సాంబారు మీద తెట్టె కట్టింది. ఆమె మాత్రం సంతోషంగానే ఉంది. అటూ ఇటూ చూస్తూ, బాపు తినడం చూస్తూ, పెండ్లికి వచ్చినట్టు కూర్చుంది.

బాపు తినడం అయిపోవస్తుండగా దగ్గు తెర కమ్మింది. దస్తీ నోట కుక్కుకుని, గబుక్కున లేచి, పరదా తోసుకుని నీళ్ల కుళాయి దిక్కు పోయాడు. పళ్లెంలో చెయ్యి కడగలేదు. అంచున రెండు ముద్దల అన్నం, సగం అప్పడం ఉన్నాయి. దగ్గు వచ్చి వదిలేశాడో, ఇన్నేండ్ల అలవాటున చెయ్యి దానంతటదే విడిచిపెట్టిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

అవ్వ ఆ పళ్లెం చూసింది. ఎన్ని దినాలకో ఆ మొహం వెలిగింది.

"సూసినవా, నాకు ఇడిసిండు" అంది.

తన నిండు పళ్లేన్ని పక్కకు జరిపి, బాపు పళ్లేన్ని ముందుకు లాక్కుంది. అప్పడం ముక్క విరిచి అన్నంలో పెట్టుకుని ముద్ద చేసింది. చెప్పడానికి లేదు, చెబితే బాపు చస్తాడు. చెప్పకపోతే అవ్వ. ఎదురుగా నీళ్ల గ్లాసు ఉంది. ఎత్తి మొత్తం ఆ పళ్లెంలో కుమ్మరించాను.

సాంబారు నీళ్లు పళ్లెం నిండి, బల్ల మీద పారి, అవ్వ చిలకపచ్చ చీర మీద పడ్డాయి. ముద్ద ఆమె చేతిలోనే కరిగిపోయింది. మరుక్షణం నా చెంప పగిలింది. దెబ్బ గట్టిదే, కానీ నేను ఏడ్చింది దెబ్బకు కాదు.

"నువ్వు గూడనా?" అంది.

ఆ ఒక్క మాటే. అరిస్తే బాగుండు, తిడితే బాగుండు. ఇంట్లో తనకు మిగిలిన ఒక్క మనిషి కూడా అటు చేరిపోయిందని ఆమె ఆ ఒక్క మాటలో అనేసింది. లేచి, తడిసిన కుచ్చెళ్లు పట్టుకుని బయటికి నడిచింది.

బాపు తిరిగి వచ్చాడు. నీళ్లు నిండిన పళ్లెం చూశాడు, నా చెంప చూశాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా తలమీద చెయ్యి పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకున్నాడు. "మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాడు మెల్లగా. నా జన్మలో అంత చేదు మెచ్చుకోలు ఇంకొకటి లేదు. వడ్డించే ఆయన వచ్చి, ముట్టని పళ్లెం వైపు చూసి, "సాంబారు బాగా లేదా?" అని అడిగాడు. పాపం, చిన్నబుచ్చుకున్నాడు.

తెల్లవారి అవ్వ మూట కట్టింది. నన్ను వెంటేసుకుని పెద్దపల్లి దిక్కున ఉన్న తల్లిగారి ఊరికి బయల్దేరింది. బాపు వద్దనలేదు. "పొల్లను ఆడ బడిల జేర్పియ్యి" అని మాత్రం అన్నాడు. అవ్వ ఇంకొక మాట కోసం గడప దగ్గర నిలబడింది. ఆ మాట రాలేదు. బస్సు కదిలేటప్పుడు చూస్తే బాపు దూరంగా కార్ఖాన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. దస్తీ నోటి మీద ఉంది.

అలిగి పోయిన పెండ్లాన్ని మొగుడు వచ్చి తోలుకుపోవాలి. అది మా వాళ్లలో కట్టుబాటు. తనంతట తాను తిరిగిపోతే నవ్వులపాలు. మా అవ్వకు పంతం ఎక్కువ, ఎదురుచూపు అంతకంటే ఎక్కువ. పొద్దటి బస్సు, మాపటి బస్సు, ఏది వచ్చినా గడపలోకి వచ్చి నిలబడేది. దసరాకు వస్తాడనుకుంది. రాలే. దీపావళికి రాలే. "ఆయన కాళ్లు ఇరగ! నన్ను గిట్ల జేసినోడు బాగుపడ్తడా?" అని వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టేది. ఆ మాటలు వింటుంటే నాకు ఎన్నిసార్లు నిజం నోటిదాకా వచ్చిందో. చీకటి పడేలోపు చెప్పేస్తాను అనుకునేదాన్ని. నా అరచేతి కింద బాపు తల, ఆ దూది నుసి గరుకు గుర్తొచ్చేది. మింగేసేదాన్ని.

ఒకసారి మా ఊరి నేతాయన ఒకడు ఆ పక్కకు వచ్చి, బాపు ఇచ్చిన బట్ట ముక్క నా లంగాకని తెచ్చాడు. అవ్వ ఆయనకు చాయ్ పోసి, మాట ఎటో తిప్పి ఎటో తిప్పి అడిగింది.

"నన్నేమన్న అడిగిండా?"

"అడిగిండు. మంచిగ తింటుందా అని అడిగిండు."

"నేను తింటె ఏంది, తినకుంటె ఏంది ఆయనకు!" అని అవ్వ కస్సుమంది. లోపలికి పోయి ఏడ్చింది. నేను ఆ బట్ట ముక్కలో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఇద్దరం ఒకే మనిషి కోసం, చెరొక మూల, చెరొక సంగతికి.

ఎండాకాలం మొదట్లో అదే నేతాయన మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ వద్దన్నాడు. "పానం మంచిగ లేదు, జల్ది రాండ్రి" అన్నాడు. మేము వెళ్లేసరికి వాకిట్లో జనం ఉన్నారు. బాపును బయట పడుకోబెట్టారు. అంత పొడుగు మనిషి, చాప మీద నా అంత ఉన్నాడు.

నేను నోరు మూసుకునే ఉన్నాను. అయినా చచ్చిపోయాడు. దేవుడి మీద, ఒట్టు మీద, పెద్దవాళ్ల మాటల మీద నాకు అప్పుడు పుట్టిన కోపం ఈ వయసుకూ చల్లారలేదు.

ఇంట్లో చూరు కింద అరుగు మీద ఒక పళ్లెం, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి. మిగతా గిన్నెలు, చెంబులు, అవ్వ వాడే సామానంతా చీరలో మూటకట్టి దూలానికి వేలాడదీశాడు, తన చెయ్యి తగలకుండా. అవ్వ ఆ మూట చూసి గుండెలు బాదుకుంది. "నా గిన్నెలు గూడ కండ్ల ముందట ఉండొద్దనుకున్నవా అయ్యా!" అని పడి పడి ఏడ్చింది. ఒట్టు తీరిపోయింది కదా, చెప్పవచ్చు కదా. చెప్పలేకపోయాను. ఇన్ని నెలలు దాచినందుకు ఆమె నన్ను కూతురని అనుకోదని భయం. పిరికిదాన్ని, ఇంకేం చెప్పను.

కానీ రోగం దాగదు. రక్తం కక్కుకున్నాడని కార్ఖానలో అందరికీ తెలిసింది. ఇంటివాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలని కబురు వచ్చి, అవ్వనూ నన్నూ కరీంనగర్ తీసుకుపోయారు. అదే డాక్టరు, అదే కిటికీ. ఇద్దరి పటాలు వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏమీ లేదమ్మా. ఇద్దరూ బాగున్నారు" అన్నాడు. మా కాగితం మీద బాపు పేరు చూసి ఆగాడు. "ఆయన భార్యవా? మంచివాడమ్మా. వచ్చినప్పుడల్లా తన రోగం గురించి అడిగేవాడు కాదు. 'సారూ, పళ్లెంల చెయ్యి కడుగుతున్న, గది సాలునా? మా ఇంటామెకు రాదు గద?' ఇదొక్కటే అడిగేవాడు. చివరిసారి వచ్చినప్పుడు, 'తల్లిగారింటికి పోయింది సారూ, ఇగ ఫికర్ లేదు' అని నవ్వాడు."

అవ్వ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. నా మొహంలో ఆమెకు అంతా కనిపించింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చాలా ఏండ్ల తర్వాత ఒక డాక్టరమ్మ నాతో అంది, ఆ రోగం పళ్లెంలోంచి రాదట, దగ్గులోంచి, ఊపిరిలోంచి వస్తుందట. ఆనాడు వాళ్లకు తెలిసింది వాళ్లు చెప్పారు, ఎవరిని అనగలం? నేను ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. అవ్వకు మాత్రం చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు. ఈసారి నా మీద ఎవరూ ఒట్టు పెట్టలేదు.

దవాఖాన బయట అవ్వ ఆ చెట్టుకిందే కూర్చుంది. "నీకు తెల్సు" అంది.

"తెల్సు."

"ఆనాడు నీళ్లు అందుకే పోసినవు."

"ఊఁ."

కొట్టిన చెంప మీద చెయ్యి పెట్టింది. ఎండలో ఆ చెయ్యి చల్లగా ఉంది. "చెప్తె తినకుండ ఉందునా? తిందునే. మీ బాపుకు ఎరుకే" అంది. అని లేచి నడిచింది. నేను బస్సు కోసం అనుకున్నాను. ఆమె హోటల్ మెట్లెక్కింది.

అదే పరదా గది. రెండు పళ్లేలు వచ్చాయి. అవ్వ తన పళ్లెం ముట్టుకోలేదు. కొంగు నుదుటి మీదికి లాక్కుని నేను తినడం చూస్తూ కూర్చుంది. నేను తల వంచుకుని తిన్నాను. చివర రెండు ముద్దలు మిగిలిపోయాయి. ఇక తినలేక, తాగుదామని నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

అవ్వ చెయ్యి చాపి నా పళ్లెం తన ముందుకు లాక్కుంది. నా చేతిలోని గ్లాసు వైపు చూసింది.

"నీళ్లు పోస్తవా బిడ్డా?"

తల అడ్డంగా ఊపాను. గ్లాసు కింద పెట్టాను. అవ్వ తన పళ్లెంలోని అన్నమంతా నా పళ్లెంలోకి ఒంపుకుని, మెతుకు మిగలకుండా తిన్నది.